ఇంటి కాపలాకు ఏది మేలు: డబుల్ బ్యారలా, రివాల్వరా, రైఫిలా?

గోదావరి డెల్టాలో ఇంటి రక్షణకు తుపాకీ లైసెన్సు పెట్టాలనుకునేవాళ్లు చాలామంది ముందు అడిగేది రివాల్వర్ గురించే. చిన్నది, బీరువా అరలో ఇమిడిపోతుంది, చూడ్డానికీ దర్జాగా ఉంటుంది. మా ఓటు మాత్రం దానికి కాదు. కొబ్బరితోటలో ఒంటరి ఇల్లయినా, కాలవగట్టు మీద డాబా అయినా, నిజంగా తుపాకీ అవసరం పడిన ఇంటికి పన్నెండు బోరు (బోరంటే గొట్టం లావు కొలత) డబుల్ బ్యారలే, అంటే రెండు గొట్టాల గుళ్ల తుపాకీయే మేలు. లైసెన్సు దగ్గర్నుంచి తుప్పు దాకా ఏ లెక్కన చూసినా అదే తేలుతుంది.

ముందు కాగితాల సంగతి. 1959 నాటి ఆయుధాల చట్టం 13వ సెక్షన్ తుపాకులన్నిటినీ ఒకే గాటన కట్టలేదు. లోపల గాడులు లేని నున్నటి గొట్టం, 20 అంగుళాలకు తగ్గని పొడవు ఉన్న తుపాకీని రక్షణ కోసం అడిగితే, 14వ సెక్షన్ కింద కాదనే కారణం ఏదీ లేకపోతే లైసెన్సు ఇవ్వాలంటుంది. డబుల్ బ్యారల్ ఈ కోవలోకి వస్తుంది. రివాల్వర్, పిస్తోలు, రైఫిలు అలా కాదు. వాటికి సరైన కారణం ఉందని అధికారికి నమ్మకం కుదరాలి. ‘మా ఊళ్లో దొంగలు ఎక్కువండీ’ అంటే ఆ కారణం కింద నిలవడం కష్టం. పోలీసు విచారణ మాత్రం దేనికైనా తప్పదు. జిల్లాల్లో లైసెన్సు ఇచ్చేది కలెక్టరు. దరఖాస్తు ఫారం ఏ-1. దానితోపాటు శిక్షణ పొందినట్టు ఎస్-1, భద్రంగా దాస్తామన్న హామీకి ఎస్-2, డాక్టరు ఇచ్చే ఎస్-3 ఉండాలి. వయసు 21 నిండాలి. 2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు ఐదేళ్లు, మనిషికి రెండు ఆయుధాలకు మించకూడదు. 9 ఎం.ఎం., పాయింట్ 303 లాంటివి నిషిద్ధ బోర్లు, అంటే మామూలుగా లైసెన్సు ఇవ్వని సైజులు. ఇంటి కాపలాకని వాటి జోలికి వెళ్లే పనే లేదు. నాటు తుపాకీ మాటే ఎత్తొద్దు. లైసెన్సు లేని ఆయుధం ఇంట్లో దొరికితే రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా జైలు.

ఇక రివాల్వర్. మన దగ్గర మామూలుగా దొరికేది పాయింట్ 32, ఆరు తూటాలది. కాన్పూరు ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ 2014లో తెచ్చిన నిర్భీక్ బరువు అర కిలోనే. ఒక చేత్తో టార్చో ఫోనో పట్టుకుని రెండో చేత్తో వాడొచ్చు, ఇరుకు నడవాలో గోడకు తగలకుండా తిప్పొచ్చు. దాని మేలు అంతవరకే. ట్రిగ్గర్ నేరుగా లాగి పేల్చాలంటే లాగు పొడుగ్గా, బరువుగా ఉంటుంది. అలవాటు లేని వేలు లాగుతుంటే గొట్టం మూతి కిందికి వాలిపోతుంది. నిద్రలోంచి లేచిన మనిషి, చీకటి, వణికే చేయి. పదిహేను అడుగుల దూరంలో కూడా గురి తప్పుతుంది. తప్పిన తూటా ఆగదు కదా, పక్కింటి తాటాకు దడి దాటిపోతుంది. నెలనెలా సాధన చేసేవాళ్ల చేతిలోనే రివాల్వర్ పనికొస్తుంది. తూటాలేమో లైసెన్సులో రాసిచ్చినన్నే కొనగలరు. పైగా అది పిల్లల చేతికి ఇమిడే వస్తువు, ఎక్కడైనా దాగే వస్తువు. ఇంట్లో ఏడెనిమిదేళ్ల పిల్లలుంటే అదొక్కటి చాలు దాన్ని వద్దనడానికి.

పాయింట్ 32 పిస్తోలుకు ఇంకో ఇబ్బంది. మ్యాగజైన్ (తూటాల డబ్బా) తీసేశాం, ఖాళీ అయిపోయింది అనుకుంటారు. గొట్టం మొదట్లో, పేలే ముందు తూటా కూర్చునే ‘గది’లో (ఛాంబర్) ఒకటి అలాగే ఉండిపోతుంది. తుడుస్తుండగా పేలిందని వినే ప్రమాదాల వెనక ఎక్కువగా ఉండేది ఇదే.

పాయింట్ 315 రైఫిలు ఇంటి కాపలాకు అసలు తగదు. మన ఊళ్లలో ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. నడుమ సిమెంటు రేకో, కొబ్బరాకు దడో, నాలుగున్నర అంగుళాల గోడో. రైఫిలు తూటాకు అవి అడ్డమే కావు. కాలవ అవతలి గట్టున నిద్రపోయేవాడిదాకా పోగలదు.

డబుల్ బ్యారల్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దాని గుణం దాని కీలులో ఉంది. పైనున్న మీటను బొటనవేలితో కుడికి తోస్తే గొట్టాలు ముందుకు వాలతాయి. రెండు రంధ్రాల్లోంచి అవతలి వెలుతురు కనపడితే ఖాళీ, ఇత్తడి అడుగు కనపడితే తూటా ఉంది. ఇంతకుమించి చూడాల్సింది లేదు. ముసలాయనైనా, ఇల్లాలైనా, తుపాకీ ముఖం ఎరగని కొడుకైనా ఒక్క చూపులో తేల్చుకోగలరు. మామూలు రకాల్లో ముందు ట్రిగ్గర్ కుడి గొట్టానిది, వెనకది ఎడమ గొట్టానిది. ఒక తూటా పేలకపోతే రెండోది వేరే యంత్రం మీద ఉంటుంది కాబట్టి పూర్తిగా చేతులు ముడుచుకోవాల్సిన పని లేదు.

పేలని తూటాను మాత్రం వెంటనే తెరవకండి. మూతి క్షేమమైన వైపు పెట్టి కనీసం అర నిమిషం ఆగాలి, ఆలస్యంగా పేలేవి ఉంటాయి. ఇంకో మాట: మెడ మీద ఉండే సేఫ్టీ చాలా తుపాకుల్లో ట్రిగ్గర్లనే బంధిస్తుంది, లోపలి సుత్తులను కాదు. సేఫ్టీ వేసి ఉన్నా, కింద పడితే పేలొచ్చు. తూటాలు వేసిన తుపాకీని గోడకు ఆనించి పెట్టకూడదనేది అందుకే.

‘పన్నెండు బోరుకి గురి అక్కర్లేదు, గుళ్లు గదంతా చిమ్ముతాయి’ అనే మాట నమ్మొద్దు. గజం దూరానికి సుమారు ఒక అంగుళం వెడల్పు చొప్పున విచ్చుకుంటాయి. పదిహేను అడుగుల గదిలో అరచేతి వెడల్పు, అంతే. గురి చూడాల్సిందే. గుళ్ల సైజును బట్టి తూటాల్లో రకాలున్నాయి: ఎల్‌జీ ఔన్సుకు ఆరు గుళ్లు, ఎస్‌జీ ఎనిమిది, బీబీ డెబ్బై. ఎల్‌జీ పెద్దదని దానికే ఎగబడతారు. చెక్క తలుపు దాటి అవతల కూడా దానికి ఊపు మిగిలి ఉంటుంది. పక్కగదిలో మనవాళ్లు పడుకునే ఇంట్లో బీబీయే నయం. గోడకు తగిలాక దాని బలం తొందరగా చస్తుంది.

లోపాలు లేకపోలేదు. నాలుగడుగులకు కాస్త తక్కువ పొడవు, మూడు కిలోల బరువు. మెట్ల మలుపులో, మండువా లోగిలి స్తంభాల మధ్య తిప్పడం కష్టం. తన్ను గట్టిగా ఉంటుంది, భుజానికి బిగించి పట్టకపోతే కమిలిపోతుంది. అందుకే తుపాకీతో ఇల్లంతా వెతుకుతూ తిరగడం కాదు, అందరూ ఒక గదిలో చేరి తలుపు వేసుకుని ఉండటమే దీనితో చేయాల్సిన పని. ముందు పిడిని వెనక్కీ ముందుకీ లాగి తూటా ఎక్కించే పంప్ గన్ దీనికంటే పొట్టిగా దొరుకుతుంది, తూటాలు ఎక్కువ పడతాయి. కానీ కంగారులో పిడిని సగమే వెనక్కి లాగితే ఖాళీ డొల్ల బయటికి రాక ఇరుక్కుంటుంది. తూటాలు నిలవుండే కింది గొట్టం, పై గది రెండూ చూస్తేగానీ ఖాళీ అని తేలదు.

తుప్పు దగ్గరికొస్తే డెల్టా ఏ తుపాకీనీ క్షమించదు. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వైపు ఉప్పుగాలి. లోపలి ఊళ్లలో శ్రావణ భాద్రపదాల ముసురు. తోలు ఒర, గుడ్డ సంచి తేమ పట్టి ఉంచుతాయి. రివాల్వర్‌ను ఒరలోనే వదిలేస్తే ఒక్క వర్షాకాలానికే ఉక్కు మీద చుక్కలు పడతాయి. దాని చిన్న స్ప్రింగులు, పళ్లు విప్పి తుడవడం మనవల్ల కాదు. డబుల్ బ్యారల్ మూడు ముక్కలుగా విడిపోతుంది: గొట్టాలు, ముందు చెక్క, మడమ. పాత పంచె గుడ్డను కడ్డీకి చుట్టి గొట్టాల్లో ఆడించి, పల్చటి మెషీన్ ఆయిల్ పూస్తే చాలు. వర్షాల్లో పక్షానికోసారి, మిగతా రోజుల్లో నెలకోసారి. చేయి పెట్టిన ప్రతిసారీ చెమట తుడవాలి. కొబ్బరినూనె మాత్రం వద్దు. 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది, ధనుర్మాసపు తెల్లవారుజామున మీట కదలదు. పాతబడితే జిగురవుతుంది. తూటాలకు నూనె అసలు తగలకూడదు, లోపలికి ఇంకితే పేలవు. ఇత్తడి పచ్చబడినా, డొల్ల ఉబ్బినా ఆ తూటా పక్కన పెట్టేయండి.

తుపాకీ తాళంలో, తూటాలు వేరే తాళంలో. ‘అప్పటికప్పుడు ఎలా తీస్తామండీ’ అని అడుగుతారు. ఆ వ్యవధి ఇవ్వాల్సింది వరండా గ్రిల్లు. మంచి గ్రిల్లు, లోపలి గడియ, దొడ్డివైపు కదలిక పసిగట్టే లైటు, అరిచే కుక్క. దొంగ ఇనుముతో కుస్తీ పడే ఆ రెండు నిమిషాల్లో ముందు 112 కొట్టాలి, తర్వాతే తాళం. తుపాకీకి పెట్టే డబ్బులో కొంత ముందు గ్రిల్లుకు పెట్టడమే తెలివి. ముందు 112 కొట్టారా అన్నదే చట్టం కూడా చూస్తుంది. భారతీయ న్యాయ సంహిత 41వ సెక్షన్ ప్రకారం, సూర్యాస్తమయం తర్వాత ఇల్లు పగలగొట్టి చొరబడితే ఆస్తి రక్షణ హక్కు ప్రాణం తీసేదాకా వెళ్లొచ్చు. కానీ 37వ సెక్షన్ దానికి కళ్లెం వేస్తుంది. పోలీసులను పిలిచే వ్యవధి ఉంటే హక్కు లేదు, అవసరానికి మించి హాని చేయకూడదు. గోడ దూకి పారిపోయేవాడి వీపు మీద కాలిస్తే ముద్దాయి మీరే.

లంక గ్రామాలవాళ్లకు అదనంగా ఒకటి. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టానికి రెండో ప్రమాద హెచ్చరిక 13.75 అడుగులు, మూడోది 17.75. రెండోది ఎగరేయగానే తుపాకీ, లైసెన్సు కాగితం సర్దుకుని స్టేషన్లో అప్పగించే ఏర్పాటు అడగండి. పునరావాస కేంద్రంలో జనం మధ్య దాన్ని పెట్టుకోవడం కుదరదు. ఎన్నికలప్పుడు డిపాజిట్ చేయమని ఉత్తర్వు వస్తే అదీ అంతే, రసీదు భద్రం.

కొత్తది కొనకుండా తాతగారి తుపాకీయే వాడదామనుకుంటే, లైసెన్సు వారసత్వంగా రాదని గుర్తుంచుకోండి. ఆయన పోగానే ఆయుధాన్ని స్టేషన్లో గానీ లైసెన్సున్న డీలరు దగ్గర గానీ అప్పగించి, వారసుడి పేర దరఖాస్తు పెట్టాలి. చేతికొచ్చాక గొట్టాల అడుగున ముద్ర చదవండి. గది పొడవు 65 మిల్లీమీటర్లని ఉంటే 70 మిల్లీమీటర్ల తూటా వేయకూడదు. అందులోకి దూరుతుంది, కానీ పేలినప్పుడు తూటా డొల్ల మూతి విచ్చుకునే చోటు చాలక ఒత్తిడి పెరిగిపోతుంది. ఇరవై బోరు తూటా పన్నెండు బోరుదానికంటే సన్నం, రెంటినీ కలిపి ఉంచొద్దు. ఆ సన్నటిది గొట్టంలోకి జారి ముందు ఇరుక్కుంటుంది, గది ఖాళీగానే కనిపిస్తుంది, దాని వెనక ఇంకోటి వేసి పేలిస్తే గొట్టం చీలుతుంది. మెలికల గీతలు కనిపించే పాత డమాస్కస్ గొట్టాలు ఇప్పటి మందుకు తట్టుకోవు. గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూస్తే లోపల ఉంగరంలా నల్లటి వలయం తగిలిందా, అది ఉబ్బు. అలాంటిదాన్ని పరీక్షకని కూడా కాల్చకుండా, లైసెన్సున్న మరమ్మతుదారుకు చూపించండి.