బ్యాటరీ పెద్దదే, ఛార్జ్ మాత్రం సాయంత్రం దాకా నిలవదు: ఏడాదికి పైగా వాడిన ఫోన్‌పై నా సమీక్ష

ఈ ఫోన్ నా చేతికి వచ్చి ఏడాది దాటింది. కెమెరా, స్క్రీన్, వేగం, కాల్ నాణ్యత వంటి వాటిలో దేని మీదా నాకు చెప్పుకోదగ్గ ఫిర్యాదు లేదు. ఉన్న ఫిర్యాదు అంతా బ్యాటరీ బ్యాకప్ గురించే, అది చిన్నదేమీ కాదు. పెట్టె మీద 5000 ఎంఏహెచ్ అని పెద్ద అక్షరాలతో అచ్చు వేసిన ఈ ఫోన్‌ను ఉదయం వంద శాతం ఛార్జ్ చేసి బయటికి తీసుకెళితే, పని ముగిసి ఇంటికి బయలుదేరే వేళకు బ్యాటరీ గుర్తు ఎర్రబడి ఉంటుంది. దారిలో మ్యాప్ చూసుకోవాలన్నా, డబ్బు చెల్లించాలన్నా, ఇంట్లోవాళ్లకు ఫోన్ చేయాలన్నా ముందు ఎంత శాతం మిగిలిందో చూసుకోవలసి వస్తోంది. ఫోన్ పేరు ఇక్కడ రాయడం లేదు. నేను చెప్పబోయే ఇబ్బందికి మూలమైన అమరిక అనేక కంపెనీల ఫోన్లలో ఉంది కాబట్టి, పేరు కన్నా ఆ విషయమే కొనేవారికి ఎక్కువ అవసరమని నా అభిప్రాయం.

కొత్త ఫోన్‌కు కొంత సమయం ఇవ్వాలన్న మాటలో నిజం ఉంది. పాత ఫోన్ నుంచి వేల ఫోటోలు, సందేశాలు, యాప్‌లు ఒక్కసారిగా వచ్చి పడినప్పుడు, ఫోటోల్లోని ముఖాలను గుర్తించడం, యాప్‌లను ఆ ప్రాసెసర్‌కు తగినట్టు సిద్ధం చేసుకోవడం, క్లౌడ్‌లో ఉన్నదానితో సరిచూసుకోవడం వంటి పనులు తెర వెనుక చాలాసేపు నడుస్తాయి. 2018లో ఆండ్రాయిడ్ 9తో వచ్చిన అడాప్టివ్ బ్యాటరీ కూడా మనం ఏ యాప్‌ను ఎంత తరచుగా తెరుస్తామో కొన్నాళ్లు గమనించిన తర్వాతే, అరుదుగా వాడేవాటిని కట్టడి చేయడం మొదలుపెడుతుంది. అందువల్ల మొదటి వారం పది రోజుల తీరును బట్టి ఏ ఫోన్ మీదా తీర్పు ఇవ్వకూడదు. నేను నెలల తరబడి చూశాను. ఫోన్ కుదుటపడింది, వెనుక జరిగే పనులన్నీ ముగిశాయి, అయినా పనిరోజుల్లో ఛార్జ్ దిగిపోయే వేగం ఏమాత్రం తగ్గలేదు.

పనిరోజుల్లో అని ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. సెలవు రోజున ఇంట్లో ఉన్నప్పుడు ఇదే ఫోన్ మీద వీడియోలు చూస్తాను, చదువుతాను, గంటకు పైగా వీడియో కాల్ మాట్లాడతాను. స్క్రీన్ ఆన్ టైమ్ ఆరు గంటలు దాటినా రాత్రికి ఇంకా పావు వంతు ఛార్జ్ మిగిలే ఉంటుంది. పనిరోజున మాత్రం ఫోన్ ఎక్కువ సేపు బల్ల మీద బోర్లా పడి ఉంటుంది, స్క్రీన్ మూడు గంటలు కూడా వెలగదు, అయినా ముందుగా ఖాళీ అయ్యేది ఆ రోజే. ఎక్కువ వాడిన రోజున ఎక్కువసేపు నిలిచి, తక్కువ వాడిన రోజున తొందరగా అయిపోయే ఫోన్‌లో లోపం బ్యాటరీ పరిమాణంలో ఉండే అవకాశం లేదు. వాడకుండా ఉంచినప్పుడు అది ఏం చేస్తోందన్నదే అసలు ప్రశ్న.

సమాధానం సెట్టింగ్స్‌లోని బ్యాటరీ పేజీలోనే దొరికింది. ఆ పేజీ ముందుగా యాప్‌ల జాబితా చూపిస్తుంది. అందులోని అంకెలన్నీ కూడినా పోయిన ఛార్జ్‌లో సగానికి కూడా లెక్క తేలలేదు. అక్కడే యాప్‌ల బదులు సిస్టమ్ వివరాలు చూడవచ్చు. అలా చూస్తే స్క్రీన్ కన్నా పైన, అన్నింటికన్నా మొదటి వరుసలో మొబైల్ నెట్‌వర్క్ కనిపించింది. నేను పనిచేసేది భవనం లోపలి వైపు, కిటికీలకు దూరంగా ఉన్న గదిలో. ఫోన్ వివరాల్లో సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ బలం డీబీఎంలలో (రేడియో శక్తిని కొలిచే ప్రమాణం) కనిపిస్తుంది, మైనస్ అంకె పెద్దదయ్యేకొద్దీ సిగ్నల్ బలహీనమైనట్టు. ఇంట్లో అది మైనస్ 90 దగ్గర ఉంటే, ఆ గదిలో మైనస్ 115కూ 120కీ మధ్య ఊగుతోంది. చూడడానికి చిన్న తేడాలా కనిపించే ఈ కొలతలో 10 డీబీఎంలు తగ్గిన ప్రతిసారీ అందే శక్తి పదో వంతుకు పడిపోతుంది. అంటే ఇంట్లో అందే సిగ్నల్‌తో పోలిస్తే ఆ గదిలో అందేది కొన్ని వందల వంతులలో ఒక వంతు మాత్రమే. టవర్ మాట ఫోన్‌కు అంత బలహీనంగా వినిపించే చోట, ఫోన్ మాట టవర్‌కు చేరాలంటే ఫోన్ గొంతు పెంచక తప్పదు. 4జీ ఫోన్లు సాధారణంగా 23 డీబీఎంల వరకు, అంటే సుమారు 200 మిల్లీవాట్ల వరకు శక్తిని ప్రసారం చేస్తాయి. ఆ మాత్రం బయటికి పంపడానికి లోపల సిగ్నల్ శక్తిని పెంచే యాంప్లిఫయర్ అంతకు కొన్ని రెట్లు బ్యాటరీ నుంచి లాగుతుంది, మిగిలినదంతా వేడిగా మారుతుంది. బల్ల మీద ఊరికే పడి ఉన్న ఫోన్‌ను చేతిలోకి తీసుకుంటే కెమెరా ఉన్న పైభాగం గోరువెచ్చగా ఉండడం, కింది సగం చల్లగా ఉండడం నేను తరచుగా గమనించాను. ఆటలు ఆడినప్పుడో వీడియో తీసినప్పుడో ఫోన్ వెచ్చబడితే అర్థం చేసుకోవచ్చు, ఏ పనీ చేయనప్పుడు వెచ్చబడడం మంచి లక్షణం కాదు.

దీనికి 5జీ తోడైంది. అనేక నెట్‌వర్క్‌లలో 5జీ నేటికీ 4జీ ఆసరాతో నడిచే నాన్ స్టాండలోన్ పద్ధతిలోనే ఉంది. ఈ పద్ధతిలో 5జీ డేటా నడుస్తున్నంతసేపూ ఫోన్ రెండు రకాల టవర్ సంబంధాలనూ ఒకేసారి నిలబెట్టుకోవాలి. 5జీ సిగ్నల్ బాగా అందే చోట పని త్వరగా ముగిసి ఫోన్ లోపలి రేడియో మళ్లీ నిద్రలోకి జారుకుంటుంది కాబట్టి అది పెద్ద భారం కాదు. అందీ అందని చోట మాత్రం ఫోన్ దాన్ని పట్టుకోవడం, వదిలేయడం, మళ్లీ వెతకడం ఆగదు. ఆ గదిలో స్క్రీన్ పైన మూలనున్న గుర్తు నా కళ్ల ముందే 5జీ నుంచి 4జీకి, 4జీ నుంచి 5జీకి మారుతూ ఉండేది. ఆ మార్పు జరిగిన ప్రతిసారీ టవర్‌తో మాట్లాడే చిప్ అయిన మోడెమ్ మేలుకుంటుంది.

అందుకని సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ రకాన్ని 4జీకి మార్చి కొన్ని వారాలు వాడాను. అంతకు ముందు స్క్రీన్ ఆఫ్‌లో ఉండగా గంటకు ఐదారు శాతం దిగుతున్న ఛార్జ్, ఆ తర్వాత గంటకు రెండు శాతం దగ్గర స్థిరపడింది. ఈ ఏడాది కాలంలో ఈ ఫోన్‌కు నిజంగా పనికొచ్చిన చిట్కా ఇదొక్కటే. అయితే దీన్ని బట్టి తప్పంతా నెట్‌వర్క్‌దేనని అనడం న్యాయం కాదు. అదే గదిలో, అదే నెట్‌వర్క్ సిమ్‌తో, 5జీ ఆన్‌లో ఉంచి వాడే సహోద్యోగి ఫోన్ వేరే కంపెనీది. ఇద్దరి ఫోన్లనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు దానిలో ఛార్జ్ నా ఫోన్‌లో దిగినదానిలో సగమే దిగింది. బలహీనమైన సిగ్నల్‌ను ఏ ఫోన్ అయినా ఎదుర్కోవలసిందే, దాన్ని ఎంత పొదుపుగా ఎదుర్కొంటుందన్నది మాత్రం మోడెమ్ మీదా, యాంటెనాల అమరిక మీదా, సాఫ్ట్‌వేర్ మీదా ఆధారపడి ఉంటుంది. ఈ ఫోన్ వెనుకబడింది సరిగ్గా అక్కడే.

మరో సంగతి కూడా చెప్పాలి. వైఫై ఆన్ చేస్తే సిమ్ విశ్రాంతి తీసుకుంటుందని చాలామంది అనుకుంటారు. డేటా వైఫై ద్వారా వెళ్తున్నా, కాల్స్ అందుకోవడానికి ఫోన్ టవర్‌ను పట్టుకునే ఉంటుంది, సిగ్నల్ బలహీనంగా ఉంటే వెతుకుతూనే ఉంటుంది. నమ్మకమైన వైఫై ఉన్న చోట, వైఫై కాలింగ్ పనిచేసే సిమ్ అయితే, ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి వైఫైని మాత్రం తిరిగి ఆన్ చేసుకోవడం వల్ల కాల్స్ పోకుండానే ఆ వెతుకులాట ఆగిపోతుంది.

మిగతా చిట్కాలన్నీ ప్రయత్నించాను, వాటి గురించి క్లుప్తంగా చెబుతాను. స్క్రీన్ నేపథ్యాన్ని నల్లగా మార్చే డార్క్ మోడ్ వల్ల నాకు పెద్ద తేడా కనిపించలేదు. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో ప్రకటించిన ఫలితాలు కూడా ఇదే చెబుతాయి: నల్లని చోట వెలగని ఓఎల్ఈడీ స్క్రీన్ ఉన్న ఫోన్లలో వెలుగు పూర్తిగా పెంచి ఉంచినప్పుడు డార్క్ మోడ్ సగటున 39 నుంచి 47 శాతం వరకు ఆదా చేస్తే, వెలుగు 30 నుంచి 50 శాతం మధ్య ఉన్నప్పుడు ఆ ఆదా 3 నుంచి 9 శాతమే. గదిలో ఫోన్ చూసే నాలాంటివారికి వర్తించేది ఆ రెండో లెక్క. స్క్రీన్ మీది బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో చెప్పే రిఫ్రెష్ రేటును 120 హెర్ట్జ్ నుంచి 60కి తగ్గిస్తే కొంచెం మేలు కనిపించింది గాని, కళ్లకు అలవాటైన నునుపు పోయినంత మేలు జరగలేదు. యాప్‌లను మాటిమాటికీ పైకి తోసి మూసేయడం వల్ల ఒరిగేది ఏమీ లేదు, పైగా మళ్లీ తెరిచినప్పుడు వాటిని మొదటి నుంచి ఎక్కించడానికే ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. అన్ని యాప్‌లకూ బ్యాక్‌గ్రౌండ్ అనుమతి తీసేసిన వారంలో, వెంటనే అందవలసిన సందేశాలు గంటల తర్వాత వచ్చాయి. ఫోన్ ఉన్నదే సమాచారం సమయానికి అందడానికి, ఆ పనే మానిపించి బ్యాటరీ మిగిలించుకోవడంలో అర్థం లేదు.

సర్వీస్ సెంటర్‌లో ఎదురైన అనుభవం నన్ను నిజంగా బాధపెట్టింది. ఫోన్ తీసుకుని, తమ యంత్రానికి తగిలించి, బ్యాటరీ ఆరోగ్యం బాగుందని, నిర్ణీత పరిమితిలోనే ఉందని, కాబట్టి వారంటీ కింద చేయగలిగింది ఏమీ లేదని చెప్పి తిరిగి ఇచ్చేశారు. ఆ పరీక్ష కొలిచేది బ్యాటరీలోని సెల్ ఎంత ఛార్జ్‌ను పట్టుకోగలదన్నది మాత్రమే. పట్టుకున్న ఛార్జ్‌ను ఫోన్ ఎంత వేగంగా ఖర్చు చేస్తోందన్నది అందులో ఎక్కడా కనిపించదు. సిస్టమ్ పేజీలో మొబైల్ నెట్‌వర్క్ ఖర్చు చూపించినా, ఫ్యాక్టరీ రీసెట్ చేసి చూడమన్న సలహా తప్ప మరో మాట రాలేదు. అదీ చేశాను, ఫలితం మారలేదు. మంచినీళ్ల ట్యాంకుకు చిల్లు లేదని చూసి, తెరిచి ఉన్న కుళాయిని పట్టించుకోకుండా వెళ్లిపోయినట్టుంది ఆ పరీక్ష. తర్వాత వచ్చిన అప్‌డేట్లలో ఒకదానితో పరిస్థితి కాస్త మెరుగుపడి, మరొకదానితో మళ్లీ మొదటికి వచ్చింది. కాబట్టి దీనిలో సాఫ్ట్‌వేర్ పాత్ర ఉందనీ, కంపెనీ శ్రద్ధ పెడితే సరిచేయదగిన భాగం కొంతైనా ఉందనీ నేను గట్టిగా నమ్ముతున్నాను.

బ్యాకప్ తక్కువగా ఉండడాన్ని ఛార్జర్ వెంట పెట్టుకుంటే తీరిపోయే అసౌకర్యంగా చూసేవారు ఉన్నారు. నేను అలా చూడలేకపోతున్నాను, ఎందుకంటే అది బ్యాటరీ ఆయుష్షును కూడా తినేస్తుంది. లిథియం అయాన్ సెల్ అరుగుదలను సైకిళ్లలో లెక్కిస్తారు. మొత్తం మీద వంద శాతం వాడితే ఒక సైకిల్, అది ఒక్క రోజులో జరిగినా రెండు రోజుల్లో జరిగినా సరే. రోజుకు ఒక సైకిల్ ఖర్చయ్యే ఫోన్ 800 సైకిళ్లకు చేరడానికి రెండేళ్లకు పైగా పడుతుంది. రోజుకు ఒకటిన్నర ఖర్చయ్యే ఫోన్ ఏడాదిన్నరకే అక్కడికి చేరుతుంది. పైగా సెల్‌ను నిండుగా ఉంచడం, వేడెక్కనివ్వడం అనే రెండూ దాన్ని త్వరగా ముసలిదాన్ని చేస్తాయి. అందుకే ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సౌకర్యాన్ని ఇప్పుడు చాలా ఫోన్లలో ఇస్తున్నారు. నా ఫోన్‌లోనూ అది ఉంది. వంద శాతమే సాయంత్రం దాకా నిలవని ఫోన్‌లో 80 శాతంతో బయలుదేరడం ఎలా సాధ్యం? బ్యాటరీని కాపాడే సౌకర్యం ఏ ఫోన్‌కు అత్యవసరమో, సరిగ్గా ఆ ఫోన్‌లోనే అది వాడుకోవడానికి వీలు లేకుండా పోయింది. మధ్యాహ్నం ఫాస్ట్ ఛార్జర్‌తో వేడి మీద వేడి ఎక్కిస్తూ, ఉదయం వంద నింపుకుంటూ, సెల్‌కు మంచిది కాదని తెలిసిన రెండు పనులూ రోజూ చేయవలసి వస్తోంది. ఏడాది తిరిగేసరికి బ్యాటరీ ఆరోగ్యం 90 శాతానికి వచ్చింది.

ప్రకటనల్లో ఇచ్చే గంటల లెక్కలతో ఈ విషయం ముందుగా తెలిసే అవకాశం లేదు. ఆగకుండా వీడియో నడిపితే ఇన్ని గంటలు అన్న అంకె స్క్రీన్ గురించీ చిప్ గురించీ కొంత చెబుతుంది. సిమ్ వేసుకుని, నాలుగు గోడల మధ్య, జేబులో పడి ఉండే ఫోన్ గురించి ఏమీ చెప్పదు. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి అమ్మకానికి వచ్చే కొత్త ఫోన్లకు ఎనర్జీ లేబుల్ తప్పనిసరి అయింది. ఒక ఛార్జ్‌కు ఎన్ని గంటలు నిలుస్తుందో, ఎన్ని సైకిళ్ల దాకా 80 శాతం సామర్థ్యం ఉంటుందో దాని మీద ముద్రించాలి. కనీసం 800 సైకిళ్లు తట్టుకోవాలన్న నియమం కూడా వచ్చింది. ఇది మంచి అడుగు. బలహీనమైన సిగ్నల్‌లో ఎంతసేపు నిలుస్తుందన్న అంకె మాత్రం ఆ లేబుల్ మీద కూడా లేదు.

కాబట్టి కొత్త ఫోన్ కొన్నవారు, తిరిగి ఇచ్చే గడువు ముగిసేలోపే ఈ పరీక్ష చేసుకోవాలని నా విన్నపం. మొదటి వారం గడిచాక, మీరు రోజంతా గడిపే చోట సిమ్ డేటా ఆన్‌లో ఉంచి, వైఫై ఆపి, స్క్రీన్ ముట్టుకోకుండా ఫోన్‌ను మూడు నాలుగు గంటలు వదిలేయండి. గంటకు ఒకటి రెండు శాతం దిగితే నిశ్చింతగా ఉండవచ్చు. నాలుగు దాటితే 4జీలో పెట్టి మళ్లీ చూడండి. అప్పటికీ తగ్గకపోతే ఫోన్ తిరిగి ఇచ్చేయండి, అప్‌డేట్ వస్తే బాగుపడుతుందని ఎదురుచూడకండి.

వేగం, కెమెరా ప్రధానమై, రోజంతా వైఫై అందే చోట ఉండేవారికి ఈ ఫోన్ సరిపోతుంది. బయట తిరిగేవారికి, సిగ్నల్ సరిగా అందని భవనాల్లో పనిచేసేవారికి నేను సిఫారసు చేయను. కంపెనీని నేను కోరేది ఒక్కటే. వేగం అవసరం లేనప్పుడు ఫోన్ తనంతట తాను 4జీకి దిగే 5జీ ఆటో అనే ఏర్పాటు ఐఫోన్లలో 2020లో వచ్చిన ఐఫోన్ 12 నుంచే ఉంది. అలాంటిది ఈ ఫోన్‌కూ అప్‌డేట్ ద్వారా ఇవ్వాలి. అంతవరకు ఆ పనిని నేనే చేతితో చేసుకుంటున్నాను: ఉదయం పనిచేసే చోటికి చేరగానే సెట్టింగ్స్ తెరిచి, సిమ్ వివరాల్లోకి వెళ్లి, 4జీని ఎంచుకోవడం, సాయంత్రం బయటికి వచ్చాక మళ్లీ 5జీకి మార్చుకోవడం.