మధ్యాహ్నం రెండింటికి ఫ్యాను ఆపి

అద్దె ఇల్లు చూడాలంటే చాలామంది ఉదయం పూట చల్లగా ఉన్నప్పుడు బయలుదేరతారు. మేము ప్రతి ఇంటినీ మధ్యాహ్నం రెండు గంటలకు, మే నెల ఎండలో చూశాం. అది మా ఆవిడ పెట్టిన షరతు. గదిలో ఫ్యాను ఆపించి పావుగంట కూర్చుంటుంది. కూర్చోగలిగితే ఆ ఇంటి గురించి మాట్లాడతాం, లేకపోతే దండం పెట్టి వచ్చేస్తాం.

ఆమెకు పదేళ్లుగా ఆయాసం. విజయవాడలో వేసవి ఉక్కకు తట్టుకోలేదు, ఏసీ వేస్తే దగ్గు. నేను బడిపంతులుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. ఊటీలోనో కొడైకెనాల్‌లోనో ఇల్లు కొనే స్తోమత మాకు లేదు. నెలకు పదివేల లోపు అద్దె, ఇంట్లోకి ఎండ రావాలి కాని మండకూడదు, పాలకూ కూరగాయలకూ నడిచి వెళ్లగలగాలి, గంటన్నరలో పెద్దాసుపత్రి చేరాలి. ఈ లెక్కతో తిరుపతిలో దిగాం.

పాత చిత్తూరు జిల్లానే ఎందుకంటే, అక్కడ నేల మెట్లు మెట్లుగా మైసూరు పీఠభూమి వైపు లేస్తుంది. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తు, చిత్తూరు 330, పలమనేరు 680 దాకా. కిలోమీటరు ఎత్తు పెరిగితే ఆరు డిగ్రీలకు పైగా వేడి తగ్గుతుందని పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణే. ఆ లెక్కన తిరుపతికీ పలమనేరుకూ మూడు డిగ్రీల తేడా రావాలి. ఆయాసం ఉన్న మనిషికి మూడు డిగ్రీలు చాలా పెద్ద సంగతి.

తిరుపతిలో మొదటి రాత్రి బస్టాండు ఎదురుగా ఉన్న శ్రీనివాసంలో ఉన్నాం. దేవస్థానం గది, ఆన్‌లైన్లో ముందే తీసుకున్నాం. శుభ్రంగా ఉంది, అద్దె తక్కువ, దిగిన వెంటనే నడిచి చేరవచ్చు. అయితే అది యాత్రికుల వసతి. ఇళ్లు వెతుకుతూ నాలుగు రోజులు ఉండిపోయే చోటు కాదు. రెండో రోజు ఒక ప్రైవేటు లాడ్జికి మారాం. వేడినీళ్లు ఉదయం ఆరు నుంచి ఏడు వరకే అన్న సంగతి డబ్బు కట్టించుకున్నాక చెప్పారు. అవి గంగమ్మ జాతర రోజులు. పైగా వేసవి సెలవుల్లో తిరుమల రద్దీ. ఆ సమయంలో గది దొరకడమే గొప్ప కాబట్టి సర్దుకున్నాం. ఇళ్ల వేటకు వెళ్లేవాళ్లు ఆ వారం మాత్రం తప్పించండి.

ఊరిలో సదుపాయాలకు లోటు లేదు. స్విమ్స్, రుయా లాంటి పెద్దాసుపత్రులు ఉన్నాయి, ఎటు వెళ్లాలన్నా రైలు ఉంది. భవానీ నగర్‌లో, ఎమ్మార్‌పల్లిలో, తిరుచానూరు రోడ్డులో ఏడు ఇళ్లు చూశాం. రెండు పడకగదుల పోర్షన్‌కు పన్నెండు వేల నుంచి పదిహేను వేల దాకా చెప్పారు. మా వెంట తీసుకెళ్లిన చిన్న ఉష్ణమాపకం ఏ ఇంట్లోనూ 36కు తగ్గలేదు. కొండ రాయి పగలంతా కాగి రాత్రి పది దాటినా వేడి వదులుతూనే ఉంటుందని ఒక ఇంటాయన చెప్పాడు. 2021 నవంబరు వానల్లో నీళ్లు ఎంతవరకు వచ్చాయో మరో ఇంట్లో గోడమీద గీత చూపించారు. ఆ మాట దాచకుండా చెప్పినందుకు ఆ ఇల్లాలికి ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి. తిరుపతిలో మా ఆవిడ ఎక్కడా పావుగంట కూర్చోలేకపోయింది.

చిత్తూరులో ఒక్క రోజే ఉన్నాం. మిట్టూరులో తొమ్మిది వేలకు మంచి ఇల్లు చూశాం, చెట్టు నీడ కూడా ఉంది. వేలూరులోని సీఎంసీ ఆసుపత్రికి గంట ప్రయాణం. తరచూ ఆసుపత్రికి వెళ్లాల్సిన వాళ్లకు నేను మొదట చెప్పేది ఈ ఊరే. మా అవసరం వేరు. గదిలో 35 ఉంది.

చిత్తూరు నుంచి బెంగళూరు రోడ్డులో బంగారుపాళెం దాటాక మొగిలి ఘాట్ వస్తుంది. బస్సు మలుపులు తిరుగుతూ ఎక్కుతుంటే కిటికీ గాలి మారడం మాకు స్పష్టంగా తెలిసింది. అంతవరకు కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్న మా ఆవిడ దాన్ని తీసేసి బయటికి చూడసాగింది. పలమనేరులో దిగేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. ఎండ కళ్లు చెదిరేలా ఉంది, కాని చెట్టు కిందికి వెళితే చల్లగా ఉంది. కోస్తాలో నీడ కూడా ఉడుకుతుంది. ఈ తేడాను ఏ అంకె కంటే కూడా ఒళ్లే బాగా చెబుతుంది.

బస్టాండు దగ్గర చిన్న హోటల్లో రాగి సంకటి, వేరుశనగ ఊరుబిండి (పచ్చడి) తిన్నాం. హోటలామె మా సంగతి విని, "మా ఊళ్లో ఇంటికి బాడుగ తక్కువేనమ్మా, ముందు నీళ్లు అడుగు" అంది. ఆ పర్యటనలో మాకు దొరికిన అన్నిటికంటే విలువైన సలహా అది. ఇక్కడ వేడి తక్కువ, గాలి పొడి. వాటితోపాటే నీటికి కటకట. కాబట్టి గదుల కంటే ముందు సంపు (నేల కింది నీళ్ల తొట్టి) చూడాలి. బోరు ఎంత లోతు, మే నెలలో ఎన్ని గంటలు పోస్తుంది, కుళాయి నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయి, ట్యాంకరు తెప్పిస్తే ఖర్చు ఎవరిది? ఈ నాలుగూ యజమానిని కాకుండా పక్కింటి వాళ్లను అడిగాం. ఒక ఇంటి బ్రోకరు "ఇరవై నాలుగు గంటలూ నీళ్లు" అన్నాడు. ఎదురింటి ముసలాయన నవ్వి, వారానికి రెండు ట్యాంకర్లు వస్తాయన్నాడు.

అయిదు ఇళ్లు చూశాం. మేడ మీద పోర్షన్లకు అద్దె అయిదున్నర వేలే, కాని పైకప్పు కాగి గదిలో 34 ఉంది. అదే ఇంటి కింది భాగంలో 31. పైన మరో అంతస్తు ఉన్న కింది ఇల్లు, పడమటి వైపు గోడకు పక్కిల్లు ఆనుకుని ఉన్నది, తూర్పు కిటికీలు పెద్దవి: మాలాంటివాళ్లు వెతకాల్సింది ఇదే. కరెంటు మీటరు వేరుగా ఉందో లేదో కూడా చూసుకోవాలి. రెండు కుటుంబాలకు ఒకే మీటరైతే యూనిట్లు కలిసి పై శ్లాబులోకి పోతాయి, తక్కువ అద్దెలో మిగిలింది బిల్లులో పోతుంది. ఒక కింది ఇంట్లో మా ఆవిడ ఫ్యాను లేకుండా పావుగంట కాదు, అరగంట కూర్చుంది. ఇంటావిడతో మాటల్లో పడి సమయమే చూసుకోలేదు.

పలమనేరుకు లోట్లు లేవని చెప్పను. రైలు లేదు. ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, మామూలు జబ్బులకు సరిపోతుంది; గుండెకు సంబంధించినదైతే ఘాట్ దిగి చిత్తూరో, వేలూరో వెళ్లాలి. కౌండిన్య అడవికి దగ్గర కావడంతో ఊరి చివరి పొలాల్లోకి ఏనుగులు వస్తుంటాయి. తోటల మధ్య చవకగా ఇల్లు ఇస్తామన్న రెండు చోట్ల అందుకే వద్దన్నాం.

పుంగనూరు మీదుగా మదనపల్లెకు వెళ్లాం. నిన్నమొన్నటి దాకా చిత్తూరు జిల్లాదే, 2022లో అన్నమయ్య జిల్లాలో చేరింది. గాలి మంచిదని ఎంత పాత పేరంటే, వందేళ్ల కిందటే అక్కడి ఆరోగ్యవరంలో క్షయ రోగులకు ఆసుపత్రి కట్టారు. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడి కళాశాలలో కొన్నాళ్లు ఉండి జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించారు. ఆ ప్రాంగణంలో చెట్ల కింద కూర్చున్న గంట మా ప్రయాణంలో అన్నిటికంటే హాయైనది. డాక్టర్లు, దుకాణాలు, బస్సులు పలమనేరు కంటే ఎక్కువ. అద్దెలు కూడా ఎక్కువే: తొమ్మిది వేల నుంచి మొదలు. మేము చూసిన నాలుగు ఇళ్లలో మూడింటికి ట్యాంకరే దిక్కు. మదనపల్లె రోడ్ స్టేషన్ పేరు చూసి రైలు ఉందనుకోకండి, అది ఊరికి పది కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. చేతిలో ఇంకో మూడు వేలుంటే, సొంత కారుంటే, మదనపల్లెకే నా ఓటు.

హార్స్‌లీ హిల్స్‌లో ఒక రాత్రి ఉన్నాం. 1,265 మీటర్ల ఎత్తు, మే నెలలో దుప్పటి కప్పుకున్నాం. పర్యాటక శాఖ వసతి బాగుంది. రెండు రోజులకు స్వర్గం, కాపురానికైతే మందుల దుకాణానికి కూడా కిందికే దిగాలి.

వేసవి ఒక్కటే చూసి నిర్ణయించడం తప్పని డిసెంబరులో మళ్లీ పలమనేరు వెళ్లాం. ఈశాన్య రుతుపవనాల వానలు, తెల్లవారుజామున మంచు. నా భయమంతా ఆ చలిలో ఆమెకు ఊపిరి ఆడుతుందా అన్నదే. మూడు ఉదయాలు లాడ్జి గదిలో ఐదింటికి లేచి కూర్చుని ఆమె శ్వాస వింటూ ఉన్నాను. మొదటి రోజు పిల్లికూతలు వినిపించాయి, ఇన్‌హేలరు తీసుకుంది. రెండో రోజు నుంచి కిటికీ తలుపు మూసి పడుకున్నాం, తొమ్మిదింటికి ఎండ వచ్చాక బయటికి వెళ్లాం. ఇబ్బంది రాలేదు.

మే నెలలో చూసిన ఇల్లు అప్పటికే వెళ్లిపోయింది. అదే వీధిలో మరొకటి దొరికింది, కింది భాగం, ఆరున్నర వేలు, మూడు నెలల అడ్వాన్సు, పదకొండు నెలల ఒప్పందం. నచ్చకపోతే వెనక్కి వెళ్లవచ్చు, అందుకే కొనడం గురించి ఇంకా ఆలోచించడం లేదు. తాళం చెవి ఇస్తూ ఇంటావిడ, "అక్కా, సంపు మూత బరువు, ఒక్కదానివే ఎత్తొద్దు, నన్ను పిలువు" అంది. మా ఆవిడ తూర్పు గదిలోకి వెళ్లి కిటికీ తెరిచింది. ఎండ సగం గచ్చు దాకా వచ్చి ఉంది. కుట్టుమిషను అక్కడ పెడతానంది.