సూట్‌కేసులో వచ్చిన కాయకల్పం: ఏది మేలు?

మా చెల్లెలు డాలస్ నుంచి వచ్చిందంటే సూట్‌కేసులో బాదంపప్పు, పిస్తా, నొప్పుల మాత్రలు ఉండాల్సిందే. ఈసారి వాటి పక్కన ఇంకో నాలుగు డబ్బాలు దిగాయి: ఎన్‌ఎంఎన్, కొల్లాజెన్ పొడి, బయోటిన్, అశ్వగంధ. చివరిది మన వేరే, విమానమెక్కి వెళ్లి డాలర్ల ధరతో తిరిగొచ్చింది.

"ఇవి వాడితే పదేళ్లు వెనక్కి వెళ్తావు నాన్నా" అంది.

"పదేళ్లు వెనక్కి వెళ్తే ఇంటి లోను మళ్లీ కట్టాలి కదే తల్లీ" అన్నారాయన.

నవ్వుకున్నాం గానీ ఆ రాత్రి డబ్బాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఎందుకంటే వాళ్ల మందుల పెట్టె ఖాళీగా లేదు. నాన్నకు 68 ఏళ్లు, షుగరుకు మెట్‌ఫార్మిన్, పైన బీపీ మాత్ర. అమ్మకు పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర. కొత్త మాత్ర మంచిదా కాదా అన్నది ఈ పెట్టెను పక్కన పెట్టుకునే చూడాలి.

అన్నిటికంటే ఖరీదైంది ఎన్‌ఎంఎన్. కణాలు శక్తి తయారు చేసుకోవడానికి ఎన్‌ఏడీ అనే పదార్థం కావాలి. వయసు మీద పడే కొద్దీ అది తగ్గుతుందని, ఎన్‌ఎంఎన్ మింగితే మళ్లీ పెరుగుతుందని దాని వాదన. మనుషుల రక్తంలో ఎన్‌ఏడీ పెరగడం నిజమే. పెరిగితే ఏమవుతుందన్నదే అసలు సంగతి. 2021లో 25 మంది మహిళల మీద పది వారాల పాటు ఒక ప్రయోగం జరిగింది. అందరూ నెలసరి ఆగిపోయినవాళ్లు, షుగరు అంచున ఉన్నవాళ్లు. మందు తీసుకున్నవారిలో కండరాలు ఇన్సులిన్‌కు కాస్త బాగా స్పందించాయి. బరువు, రక్తంలో చక్కెర మాత్రం మారలేదు. ఎన్‌ఎంఎన్‌తో మనిషి ఆయుష్షు పెరిగిందని చూపిన ప్రయోగం ఒక్కటీ లేదు.

ఎలుకల్లో పనిచేసిందంటారా? రెడ్ వైన్‌లో ఉండే రెస్వెరట్రాల్ గురించీ ఒకప్పుడు ఇలాగే అన్నారు. ఆ పరిశోధన మీద పుట్టిన సర్ట్రిస్ అనే కంపెనీని 2008లో గ్లాక్సో స్మిత్‌క్లైన్ అనే పెద్ద మందుల సంస్థ 72 కోట్ల డాలర్లకు కొని, 2013లో దాని ఆఫీసుకు తాళం వేసింది. అమెరికా ప్రభుత్వ సంస్థ చేయించిన పరీక్షల్లో మామూలు తిండి తినే ఎలుకల ఆయుష్షు కూడా రెస్వెరట్రాల్‌తో పెరగలేదు.

ఎన్‌ఎంఎన్ అనేది బీ3 విటమిన్‌కు, అంటే నియాసిన్‌కు, ఖరీదైన చుట్టం. ఆ బీ3 కథలో మన దక్కను కూడా ఉంది. 1960 ప్రాంతాల్లో హైదరాబాద్‌లోని ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంటియా జొన్న తిని బతికే పేదల్లో పెల్లాగ్రా జబ్బును పరిశీలించారు. ఎండ తగిలినచోట చర్మం మాడిపోవడం, విరేచనాలు, మతి తప్పడం దాని లక్షణాలు. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం దానికి కారణం కావచ్చని వాళ్లు ప్రతిపాదించారు. నియాసిన్ ఇస్తే ఆ రోగులు తేరుకునేవారు. లోపం ఉన్న ఒంటికి ఆ విటమిన్ ప్రాణం పోసింది. అన్నం, పప్పు, గుడ్డు, పల్లీలు తినే మా నాన్నకు ఆ లోపం లేదు. పైగా నియాసిన్ మితిమీరినప్పుడు ఒంట్లో మిగిలే పదార్థాలకూ గుండెజబ్బులకూ సంబంధం కనిపిస్తోందని 2024లో ఒక పరిశోధన బయటికొచ్చింది. ఎన్‌ఎంఎన్ వల్ల గుండెజబ్బు వస్తుందని దానర్థం కాదు. కానీ షుగరు, బీపీ రెండూ ఉన్న మనిషికి ఇదెందుకు అనిపించింది.

చర్మాన్ని బిగువుగా ఉంచే మాంసకృత్తు కొల్లాజెన్. దాని మీద ఎక్కువ చెప్పేదేమీ లేదు. చేప చర్మం, పశువుల చర్మం, ఎముకల నుంచి తీస్తారు కాబట్టి శాకాహారులు డబ్బా వెనక చదవాలి. కడుపులోకి వెళ్లాక మిగతా మాంసకృత్తుల్లాగే ముక్కలవుతుంది. ఆ ముక్కలు నేరుగా వెళ్లి బుగ్గ మీద ముడతలో కూర్చుంటాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. మేలు చూపిన ప్రయోగాల్లో చాలావాటికి అమ్మేవాళ్లే డబ్బు పెట్టారు. హాని పెద్దగా లేదు, పర్సుకు తప్ప.

భయపెట్టింది మాత్రం అమాయకంగా కనిపించే బయోటిన్ అనే బీ విటమినే. జుట్టు రాలుతోందంటే చాలు, మన ఊళ్లలోనూ ఎవరికివారే కొనుక్కుంటున్నారు. అది ఎక్కువ మోతాదులో ఒంట్లో ఉంటే కొన్ని రక్తపరీక్షలు తప్పు చెబుతాయి. థైరాయిడ్ పరీక్షలో చూసే టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువ చూపించవచ్చు. అది నమ్మి, మోతాదు ఎక్కువైందనుకుని డాక్టరు అమ్మ థైరాయిడ్ మాత్ర తగ్గించేస్తే? గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్ష కూడా దీనివల్ల తప్పవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. వాడేవాళ్లు పరీక్షకు రెండు మూడు రోజుల ముందే ఆపి, ఆ మాట డాక్టరుతో, ల్యాబులో చెప్పాలి.

అశ్వగంధ దగ్గర అమ్మ ఒప్పుకోలేదు. "మన మందేగా, వేల ఏళ్ల నుంచి వాడుతున్నదే" అంది. నిద్రకు, దిగులుకు కొంత పనిచేస్తుందని చిన్న ప్రయోగాలు ఉన్నాయి, కాదనను. కానీ వైద్యుడు నాడి చూసి, ఇన్నాళ్లని చెప్పి పాలల్లో ఇచ్చిన చూర్ణం వేరు, సారం చిక్కబరిచి ఏడాది పొడవునా మింగే మాత్ర వేరు. అలాంటి మాత్రలతో కామెర్లు వచ్చిన కేసులు మన దేశంలోనూ బయటా నమోదయ్యాయి. డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది. థైరాయిడ్ హార్మోను పెంచే గుణం కూడా దానికి ఉంది కాబట్టి అమ్మకు అసలే వద్దు. పసుపుదీ ఇదే వరస. పప్పులో చిటికెడు వేరు, ఒంటికి బాగా పట్టాలని మిరియాల సారం కలిపిన కర్‌క్యుమిన్ మాత్ర వేరు. కాలేయం దెబ్బతిన్న కేసులు ఆ మాత్రకూ ఉన్నాయి.

చెల్లెలు తేని డబ్బా ఒకటుంది. మందుల షాపులో యాంటీఆక్సిడెంట్ అని అడిగితే ఇచ్చే మాత్రల్లో చాలాసార్లు బీటా కెరోటిన్, అంటే క్యారెట్‌లో ఉండే పదార్థం, ఉంటుంది. ఫిన్లాండ్‌లో పొగతాగే 29 వేల మంది మగవాళ్ల మీద దాన్ని పరీక్షించారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందనుకుంటే, మాత్ర మింగినవాళ్లలో 18 శాతం ఎక్కువగా వచ్చిందని 1994లో తేలింది. సిగరెట్ మానని మా బాబాయికి ఫోన్ చేసి మరీ చెప్పాను. క్యారెట్, మునగాకు తినొచ్చా అని అడిగాడు. తినొచ్చు, సందేహం లేదు.

ఇక తక్కెడ రెండో వైపు ఏముంది? డాలస్ వెళ్లక్కర్లేనివి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గుతుంది. మాంసం, చేప ముట్టనివాళ్లకు అసలే తక్కువ. అరికాళ్ల తిమ్మిర్లు, మతిమరుపు, నీరసం వస్తే వయసు మీద పడిందిలే అనుకుంటాం. నాన్న కూడా అలాగే అనుకున్నారు. పరీక్ష చేయిస్తే బీ12 బాగా తక్కువ. డాక్టరు రాసిన మాత్ర వీధి చివర షాపులోనే దొరికింది.

విటమిన్ డీ కూడా లోపముంటేనే మేలు. ఇక్కడ ఒక జాగ్రత్త. మన దగ్గర ఇచ్చే 60,000 యూనిట్ల మాత్ర మామూలుగా వారానికి ఒకటి. చీటీ సరిగా చదవక రోజుకొకటి మింగితే రక్తంలో కాల్షియం పెరిగి, వాంతులు మొదలై, కిడ్నీల దాకా వస్తుంది. చౌక మాత్ర కదా అని ఊరుకునే పని కాదు.

మూడు నెలలకు నాన్న తిమ్మిర్లు తగ్గాయి. కొల్లాజెన్ అమ్మ మజ్జిగలో కలుపుకుని తాగేస్తోంది, తాగనీ. ఎన్‌ఎంఎన్ డబ్బా మూత ఇంకా తీయలేదు. ఆదివారం చెల్లెలు వీడియో కాల్ చేసే వేళకు నాన్న దాన్ని టీవీ పక్కన, కెమెరాలో కనిపించేలా పెడతారు.