పేకముక్కల ప్రోగ్రాములో లోపం పట్టించిన జీడీబీ

పర్లాకిమిడిలో నా దగ్గర సీ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్న ప్లస్ టూ పిల్లలచేత జీడీబీ అనే ఉచిత డీబగ్గర్‌ను, అంటే ప్రోగ్రాములోని తప్పులు వెతకడానికి తోడ్పడే సాధనాన్ని, వాడించాను. 1986లో రిచర్డ్ స్టాల్‌మన్ రూపొందించిన ఈ సాధనం కొత్తవారికి నేటికీ ఎంతో విలువైనదని నా దృఢాభిప్రాయం.

వారు రాసిన పేకాటలో ముక్కలు కలపగానే ఆటగాడి స్కోరు దానంతటదే మారిపోయేది. డీబగ్గర్‌కు కావలసిన వివరాలను చేర్చే హైఫన్ జీ (-g) ఆప్షన్ జతచేసి కంపైల్ చేసి (కంప్యూటరు నడపగల రూపంలోకి మార్చి), స్కోరు మీద 'వాచ్' అనే నిఘా ఆదేశం పెట్టి నడిపించగా, విలువ మారిన చోటనే ప్రోగ్రాము ఆగి, పాత విలువనూ, కొత్త విలువనూ, లైను సంఖ్యనూ చూపించింది. 52 ముక్కలను వరుసగా ఉంచే అర్రేలో స్థానాలు 0 నుంచి 51 వరకే ఉంటాయి. ఆ స్థానాలను ఒక్కొక్కటిగా చుట్టివచ్చే లూపు షరతులో 'చిన్నది' అనడానికి బదులు 'చిన్నది లేదా సమానం' అని రాయడంతో, అది హద్దు దాటి పక్కనున్న స్కోరు మీద రాస్తోంది. ఆ లైను కళ్లారా చూసిన పిల్లలకు అర్రే హద్దుల గురించి మళ్లీ చెప్పవలసిన అవసరం రాలేదు.

అయితే ప్రతి ఆటలోనూ ముక్కలు ఒకే వరుసలో రావడానికి కారణాన్ని జీడీబీ చెప్పదు; ప్రోగ్రాము మొదలయ్యే మెయిన్ ఫంక్షన్ మొదట్లో, యాదృచ్ఛిక సంఖ్యలకు ఆరంభ విలువనిచ్చే ఎస్‌రాండ్‌కు టైమ్ (ప్రస్తుత సమయం) విలువను ఒక్కసారి ఇవ్వాలని గురువే చెప్పాలి. సందేశాలన్నీ ఇంగ్లీషులో రావడం ఒడియా, తెలుగు మాధ్యమాల పిల్లలకు నిజమైన ఇబ్బంది కనుక, మొదటి వారం పక్కన ఒకరు కూర్చోవడం అవసరం.