చిన్న పోకర్ నిధికి క్యాష్ టేబులా, టోర్నమెంటా?

తెలంగాణ 2017లో గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటాన్ని నిషేధించింది, 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. కాబట్టి హైదరాబాద్‌లో ఉన్నవారు, పోకర్ కోసం పక్కన పెట్టిన నిధిలోంచి ఒక్కో ఆటకు ఎంత తీయాలన్న క్రమశిక్షణను ఉచిత చిప్స్‌తోనే సాధన చేయాలి.

పోకర్ ఆటగాడు క్రిస్ ఫెర్గూసన్ 2006లో ప్రవేశ రుసుము లేని పోటీలతో సున్నా నుంచి మొదలుపెట్టి, 2007 నాటికి 10,000 డాలర్లకు చేరుకున్నాడు. నిధి మరీ చిన్నదిగా ఉన్న దశను మినహాయిస్తే, క్యాష్ టేబుల్‌కు (చిప్స్ నేరుగా డబ్బుగా లెక్కయ్యే ఆట) నిధిలో 5 శాతం, పెద్ద టోర్నమెంటుకు (రుసుము కట్టి, చిప్స్ అయిపోయేదాకా ఆడే అనేక టేబుళ్ల పోటీ) 2 శాతం మించకూడదన్నది అతని నియమం. అంటే 10,000 చిప్స్ ఉన్నవారు మొదటిదానికి 500, రెండోదానికి 200 మాత్రమే తీయాలి. టోర్నమెంటులో బహుమతులు కొద్దిమందికే దక్కుతాయి గనుక, బాగా ఆడేవారు కూడా చాలాకాలం ఖాళీ చేతులతో మిగలవచ్చు. ఈ తేడాకు అసలు కారణం అదే.

క్యాష్ టేబుల్‌లో బ్లైండ్లు (కార్డులు పంచకముందే పెట్టాల్సిన తప్పనిసరి పందేలు) పెరగవు, ఎప్పుడైనా లేచిపోవచ్చు. గచ్చిబౌలిలో షిఫ్ట్ ముగించుకుని వచ్చి గంటసేపు కూర్చునేవారికి ఇది అనుకూలం. టోర్నమెంటు అర్ధరాత్రి దాటినా వదలదు.

అయితే క్యాష్ టేబుల్‌లో ఒక ప్రమాదం ఉంది, దీన్ని నేను చాలా తీవ్రంగా తీసుకుంటాను: ఓడిన కోపంలో మళ్లీ మళ్లీ చిప్స్ తెచ్చుకోవచ్చు. రీబై (చిప్స్ అయిపోయాక మళ్లీ కొనుక్కునే వీలు) లేని టోర్నమెంటులో నష్టం ప్రవేశ రుసుముతోనే ఆగుతుంది. ఓటమి తర్వాత లేవగలిగేవారికి క్యాష్ టేబుల్‌నే సూచిస్తాను. లేవలేనివారు టోర్నమెంటుతో మొదలుపెట్టాలి.