చిత్రకొండ రేవులో అద్దె పడవ: ఎక్కేముందు ఇది చదవండి

పోయిన నెల మా మావయ్యని తీసుకుని బలిమెల రిజర్వాయర్ చూడ్డానికి ఒడిశాలోని చిత్రకొండ వెళ్లాం. ఆయన బీఎస్ఎఫ్ వాళ్ల పడవల విభాగంలో, సుందర్బన్స్‌లో చేసి రిటైరయ్యారు. గంటన్నర తిప్పడానికి మనిషికి రెండొందలు అన్నారు, బేరం ఆడలేదు. ఓనర్ పేరు ఇక్కడ రాయను, తప్పు దిద్దుకుంటే నాకు అదే చాలు.

సరంగు మంచి కుర్రాడు. తెలుగు, ఒడియా రెండూ గడగడా మాట్లాడతాడు, డబ్బులకి ఆశపడి పడవ నింపెయ్యలేదు, అందుకు మార్కులు ఇవ్వాల్సిందే. లైఫ్ జాకెట్లు మాత్రం బల్ల కింద మూటగట్టి ఉన్నాయి, అడిగితేగానీ తియ్యలేదు. నాకిచ్చినదానికి బకెల్ లేదు, దాని చోట నైలాన్ తాడు ముడి. మావయ్య ఆ ముడి విప్పి, నా ఛాతీకి బిగించి, ఒక్క లాగుతో ఊడేలా మళ్లీ కట్టారు.

అరగంట పోయాక, రెండు పక్కలా కొండలు దగ్గరకొచ్చిన చోట ఇంజిన్ గుర్రుమని ఆగిపోయింది. కింద పంకాకి ఎవరిదో తెగిన వల చుట్టుకుంది. సరంగు నీళ్లలోకి వంగి కత్తితో కోస్తుంటే ఇరవై నిమిషాలు అలా తేలుతూ కూర్చున్నాం, పడవలో ఉన్న తెడ్డు ఒక్కటే. నిజంగా టెన్షన్ పడ్డాను, ఎందుకంటే ఈ నీళ్లలోనే 2008 జూన్ 29న, అరవై మందికి పైగా ఉన్న పోలీసు లాంచీ మీద మావోయిస్టులు కొండల మీంచి కాల్పులు జరిపితే అది మునిగి 38 మంది పోయారు, ఎక్కువమంది మావోయిస్టుల మీద పోరుకి పెట్టిన మన ఆంధ్ర పోలీసు దళం గ్రేహౌండ్స్ పిల్లలే.

మావయ్య చాలాసేపు కొండల్నే చూశారు. "గట్టు మీద మనవాళ్లు లేకుండా పడవని ఇరుకులోకి పంపకూడదు రా" అన్నారు. సుందర్బన్స్‌లో నీటి మీదే తేలే ఔట్‌పోస్టు ఉంటుందట, పెద్ద ఓడ ఒకటి నిలబడితే దాన్నుంచి చిన్న స్పీడ్ బోట్లు పాయలన్నీ తిరిగొస్తాయి, ఎవరూ ఒంటరిగా చిక్కుకోరు. వియత్నాం యుద్ధంలో మెకాంగ్ డెల్టాలో అమెరికా వాళ్లు ఫైబర్ పడవలకి పంకానే తీసేశారు, నీటిని వెనక్కి చిమ్మే జెట్ పంపులు పెట్టారు, లోతు తక్కువున్న కాలవల్లో కూడా తిరగడానికి అని కూడా ఆయనే చెప్పారు. వల చుట్టుకున్న పంకా పక్కన కూర్చుని వింటే ఆ మాట ఎంత విలువైనదో అర్థమైంది.

2018లో 910 మీటర్ల గురుప్రియ వంతెన వచ్చాక, రిజర్వాయర్ నీళ్లు అడ్డొచ్చి బయటితో తెగిపోయినందుకు అప్పటిదాకా కటాఫ్ ఏరియా అని పిలిచిన 151 ఊళ్లకి దారి దొరికింది, ఇక పడవలతో పనేముంది అని మావైపు చాలామంది అంటారు. నేనూ అనేవాణ్ణి. కానీ వంతెన ఒక్క చోటే దాటిస్తుంది, మిగతా నీళ్లంతా అలాగే ఉంది కదా. 1671లో అస్సాంలోని సరాయీఘాట్ దగ్గర బ్రహ్మపుత్ర ఇరుకయ్యే చోట అహోం సేనాపతి లచిత్ బోర్ఫుకన్ చిన్న పడవలతో మొఘల్ సేనని ఆపాడు, గట్టూ నీళ్లూ రెండూ ఆయన చేతిలో ఉన్నాయి కాబట్టే. 2021 జనవరిలో మన సైన్యం లద్దాఖ్‌లోని పాంగాంగ్ లాంటి ఎత్తైన సరస్సుల కోసం గోవా షిప్‌యార్డ్‌కి 12 గస్తీ పడవలు ఆర్డర్ ఇచ్చింది, అంటే ఈ పని పాతబడలేదు. మన బలిమెలకి కూడా రక్షణకైనా, వరదకైనా, పురిటినొప్పుల కేసుకైనా జంట ఇంజిన్ల పడవలు ఎప్పుడూ రెండేసి కలిసి తిరగాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

పడవకి 5లో రెండున్నర, సరంగుకి 4. బకెళ్లు మార్చి, రెండో తెడ్డు, ఒక విజిల్ పెడితే మళ్లీ వచ్చి మార్కులు మారుస్తాను. మధ్యాహ్నం గాలి లేస్తుంది, పొద్దున తొమ్మిదిలోపు ఎక్కండి, జాకెట్ పట్టీ మీ చేత్తో మీరే లాగి చూసుకోండి.