కరెంటు కంపెనీ మారే ముందు రోజువారీ ఛార్జీ చూశారా? విక్టోరియన్ ఎనర్జీ కంపేర్ వాడాక నా అభిప్రాయం

మెల్‌బోర్న్‌లో ఉండే మనవాళ్లలో చాలామందికి విక్టోరియన్ ఎనర్జీ కంపేర్ అనే విక్టోరియా రాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైట్, కరెంటు ఖర్చుకి సాయంగా ప్రభుత్వం ఇచ్చిన 250 డాలర్ల పవర్ సేవింగ్ బోనస్ పుణ్యమా అని తెలిసింది. 2022, 2023 లో ఆ డబ్బు కోసం అందరం అందులోకి వెళ్లాం, బిల్లులో ఉన్న నంబర్లు కొట్టాం, డబ్బు అకౌంట్లో పడింది, ఆ తర్వాత సైట్ సంగతే మర్చిపోయాం. నేనూ అంతే. అసలు ఆ సైట్ పెట్టింది కరెంటు కంపెనీల ప్లాన్లు పోల్చుకోవడానికి అని తెలిసినా ఎప్పుడూ ఆ పని చేయలేదు. ఈ మధ్య చేశాను, రెండు సాయంత్రాలు కూర్చుని మరీ చేశాను. చేశాక ఇన్నాళ్లూ ఎందుకు చూడలేదా అని బాధ వేసింది, అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు నా కథ చెప్తాను. మేం టార్నీట్‌లో ఉంటాం. ఇల్లు మారినప్పుడు హడావుడిలో ఎవరో చెప్పిన కంపెనీకి ఫోన్ చేసి, వాళ్లు చెప్పిన ప్లాన్‌కి సరే అనేశాం (కంపెనీ పేరు అనవసరం, ఇలా చేసేది అదొక్కటే కాదు). మొదట్లో బాగానే ఉంది. ఆ తర్వాత రేటు పెరుగుతోందని ఈమెయిల్ వచ్చింది, చదవలేదు. పైగా 2024 జూలై నుంచి ఏడాది పాటు కేంద్ర ప్రభుత్వం ప్రతి ఇంటికీ 300 డాలర్ల సాయం ఇచ్చింది కదా, మూడు నెలలకు 75 చొప్పున బిల్లులోనే తగ్గేది, ఆ తర్వాత ఇంకో 150 వచ్చింది. దాంతో కట్టాల్సిన మొత్తం ఎప్పుడూ చిన్నగానే కనిపించేది. ఆ సాయం తీసేసి లెక్క వేసుకున్నప్పుడు తెలిసింది, మా రోజువారీ ఛార్జీ, యూనిట్ రేటు రెండూ ఎంత పైకి పోయాయో. ఇంకా బాధ కలిగించింది ఏంటంటే అదే కంపెనీ, దాదాపు అదే పేరున్న ప్లాన్‌ని కొత్తగా చేరేవాళ్లకి మాకన్నా తక్కువకి ఇస్తోంది. ఈ విషయం మా బిల్లు మొదటి పేజీలోనే రాసి ఉంది! వేరే ప్లాన్‌కి మారితే ఏడాదికి ఇంత మిగులుతుంది అని కంపెనీలు బిల్లు మీద తప్పనిసరిగా చెప్పాలన్న రూల్ విక్టోరియాలో 2019 నుంచీ ఉంది. మేం కట్టాల్సిన మొత్తం, గడువు తేదీ తప్ప ఇంకేం చూడలేదు. మీ బిల్లు తీసి ఆ మాట రాసి ఉన్న పెట్టె ఒకసారి చదవండి. కాకపోతే అది ఆ కంపెనీ సొంత ప్లాన్ల గురించే చెప్తుంది, పక్క కంపెనీలో ఇంకా తక్కువ ఉంటే చెప్పదు. దానికే ఈ సైట్.

ఇప్పుడు అసలు విషయం, రోజువారీ ఛార్జీ. బిల్లులో దీన్నే సప్లై ఛార్జ్ అంటారు. ఒక్క బల్బు కూడా వెలిగించకపోయినా రోజుకి ఇంత అని పడేది ఇదే. మనకి ఊళ్లో అలవాటైంది శ్లాబుల లెక్క, తక్కువ వాడితే తక్కువ రేటు, ఎక్కువ వాడితే ఎక్కువ రేటు, పైగా డిస్కం ఒక్కటే కాబట్టి ఎవరి దగ్గర కొనాలన్న ప్రశ్నే రాదు. ఇక్కడికి వచ్చాక కూడా మన కళ్లు నేరుగా యూనిట్ రేటు మీదకే పోతాయి. ఎవరైనా నాకు యూనిట్ 25 సెంట్లే అంటే, అబ్బో చవగ్గా దొరికింది అనుకుంటాం, రోజుకి ఎంత అని అడగం.

ఉదాహరణకి రెండు ప్లాన్లు అనుకోండి, నంబర్లు లెక్క సులువుగా ఉండటానికి నేను వేసుకున్నవి. మొదటిది రోజుకి 90 సెంట్లు, యూనిట్ 30 సెంట్లు. రెండోది రోజుకి 1 డాలర్ 30 సెంట్లు, యూనిట్ 25 సెంట్లు. రోజువారీ ఛార్జీలో తేడా 40 సెంట్లు, యూనిట్ దగ్గర తేడా 5 సెంట్లు. 40 ని 5 తో భాగిస్తే 8. అంటే రోజుకి 8 యూనిట్ల కన్నా ఎక్కువ వాడే ఇంటికి రెండో ప్లాన్ లాభం, 8 కన్నా తక్కువ వాడే ఇంటికి మొదటిది లాభం. ఇంతే లెక్క. మీ బిల్లులో రోజుకి సగటున ఎన్ని యూనిట్లో గ్రాఫ్ వేసి మరీ ఇస్తారు, ఆ నంబరు పక్కన ఈ 8 పెట్టి చూసుకుంటే చాలు. ఏ రెండు ప్లాన్లకైనా ఈ లెక్క పనికొస్తుంది, యూనిట్ రేటు రోజంతా ఒకటే అయితే.

ఇక శాతాల గోల. విక్టోరియాలో ఎసెన్షియల్ సర్వీసెస్ కమిషన్ అనే నియంత్రణ సంస్థ ఏటా ఒక ప్రామాణిక ధర ప్రకటిస్తుంది, విక్టోరియన్ డిఫాల్ట్ ఆఫర్ అంటారు, 2019 జూలై 1 న మొదలైంది. ప్రకటనల్లో దానికన్నా ఇంత శాతం తక్కువ అని రాస్తారే, ఆ పోలిక దీంతోనే. అది మంచి రూలే, ఇంతకు ముందు ఎవరికి తోచిన ధర మీద వాళ్లు డిస్కౌంట్ చెప్పేవాళ్లు. కానీ ఇళ్లకి ఆ పోలిక ఏడాదికి 4,000 యూనిట్లు వాడే ఇంటిని దృష్టిలో పెట్టుకుని వేస్తారు, అంటే రోజుకి దాదాపు 11. పైన చెప్పిన రెండు ప్లాన్లకీ వేసి చూడండి. 4,000 యూనిట్ల దగ్గర మొదటిది ఏడాదికి 1,528 డాలర్ల 50 సెంట్లు, రెండోది 1,474 డాలర్ల 50 సెంట్లు. రెండోది 54 డాలర్లు చవక, ప్రకటనలో దాని శాతమే బాగుంటుంది. అదే ఇద్దరే ఉండే చిన్న ఇంట్లో, పగలంతా ఆఫీసుకి పోయి ఏడాదికి 2,000 యూనిట్లు వాడేవాళ్లకి మొదటిది 928 డాలర్ల 50 సెంట్లు, రెండోది 974 డాలర్ల 50 సెంట్లు. ప్రకటనలో వెనకబడ్డ ప్లానే వాళ్లకి 46 డాలర్లు మిగులుస్తుంది. కొత్తగా వచ్చిన స్టూడెంట్లు, కొత్తగా పెళ్లయిన జంటలు ఈ ఒక్క విషయం గుర్తు పెట్టుకోవాలని నా కోరిక.

సైట్‌లోకి వద్దాం. ఇంట్లో ఎంతమంది, ఏసీ ఉందా, హీటర్ ఏది అని ప్రశ్నలకి జవాబులు ఇచ్చి పోల్చుకోవచ్చు. లేదా మీ స్మార్ట్ మీటర్ డేటా ఎక్కించి పోల్చుకోవచ్చు. రెండూ చేసి చూశాను. ప్రశ్నల దారిలో వచ్చిన వరస వేరు, మీటర్ డేటాతో వచ్చిన వరస వేరు, మొదటి పద్ధతిలో పైన ఉన్న ప్లాన్ రెండో పద్ధతిలో బాగా కిందకి పోయింది. కాబట్టి కాస్త ఓపిక చేసుకుని డేటా తెచ్చుకోండి. మా ఏరియాకి తీగలు, మీటర్ చూసుకునేది పవర్‌కోర్, వాళ్ల వెబ్‌సైట్‌లో అకౌంట్ తెరిచి ఏడాది వాడకం ఫైల్‌గా దించుకున్నాను. అకౌంట్ తెరవడానికి ఎన్ఎంఐ అనే మీటర్ నంబరు కావాలి, అది బిల్లు మీదే ఉంటుంది. ఏడాది మొత్తం తీసుకోవడం ముఖ్యం. జూలైలో, అంటే ఇక్కడి చలికాలంలో, స్ప్లిట్ సిస్టమ్ (ఏసీగా, హీటర్‌గా రెండు విధాలా పనిచేసేది) పొద్దున్నా రాత్రీ నడుస్తుంది, అక్టోబరులో అసలు వేయం, ఒక్క బిల్లు చూసి నిర్ణయం తీసుకుంటే తప్పుతాం. మాకైతే ఇంకో చిక్కు ఉంది, మా అత్తయ్యగారూ మామయ్యగారూ వచ్చి ఆరు నెలలు ఉన్నారు, పగలంతా ఇంట్లో హీటరు, వంట, టీవీ. ఆ నెలల వాడకం రాబోయే ఏడాది ఉండదు, అందుకని వాళ్లు రాకముందు ఏడాది డేటాతో కూడా ఒకసారి చూశాను.

ఇండియా ప్రయాణాలు కూడా లెక్కలోకి తీసుకోండి. నలభై రోజులు ఇల్లు తాళం వేసి వెళ్తే రోజుకి 1 డాలర్ 20 సెంట్ల ఛార్జీ ఉన్న ప్లాన్‌లో 48 డాలర్లు ఉత్తినే పోతాయి, ఫ్రిజ్‌కి అయ్యేది దీనికి అదనం.

స్నేహితుల సలహాతో మారేవాళ్లకి ఒక మాట. విక్టోరియాలో తీగలు చూసుకునే కంపెనీలు ఐదు ఉన్నాయి: సిటీపవర్, పవర్‌కోర్, జెమెనా, ఆస్‌నెట్, యునైటెడ్ ఎనర్జీ. మీ ఇల్లు ఎవరి పరిధిలో ఉంటే వాళ్ల తీగల ఖర్చు మీ రేటులో కలుస్తుంది, కాబట్టి క్లేటన్‌లో ఉండే ఫ్రెండ్‌కి వచ్చిన రేటు, అదే కంపెనీ అదే ప్లాన్ అయినా, టార్నీట్‌లో రాదు. వాట్సాప్‌లో ఒకరు బిల్లు ఫొటో పెట్టగానే పదిమంది అందులోకి మారిపోవడం చూశాను, దయచేసి అలా చేయకండి.

టైమ్ ఆఫ్ యూజ్ ప్లాన్ల దగ్గర నేను చాలాసేపు ఆగాను. వీటిలో సాధారణంగా మధ్యాహ్నం 3 నుంచి రాత్రి 9 వరకు రేటు ఎక్కువ, మిగతా సమయంలో తక్కువ. రాత్రిపూట ఎలక్ట్రిక్ కారు ఛార్జ్ చేసేవాళ్లకి ఇది బ్రహ్మాండంగా ఉంటుంది. మా ఇంట్లో పరిస్థితి వేరు. ఆఫీసు నుంచి వచ్చాకే వంట, పాప స్నానం, హీటర్, అన్నీ ఆరింటి నుంచి తొమ్మిదింటి లోపే. వాషింగ్ మెషీన్, డిష్‌వాషర్ రాత్రి పది తర్వాతకి మార్చగలను గానీ కుక్కర్‌ని మార్చలేను కదా. మీటర్ డేటా ఎక్కించినప్పుడు ఈ తేడా కూడా లెక్కలోకి వచ్చింది, మాకు రోజంతా ఒకే రేటు ఉన్న ప్లానే నయమని తేలింది.

సోలార్ ఉన్నవాళ్లు గ్రిడ్‌కి పంపే కరెంటుకి ఎంత ఇస్తారన్నదే చూసి మారడం ఇక మానేయాలి. కనీస రేటు 2020-21 లో యూనిట్‌కి 10.2 సెంట్లు ఉండేది, 2024-25 కి 3.3 సెంట్లకి పడిపోయింది, 2025 జూలై నుంచి కనీసం అన్నది దాదాపు లేనట్టే. కొన్ని కంపెనీలు ఎక్కువ ఇస్తామంటాయి, అప్పుడు వెంటనే రోజువారీ ఛార్జీ, కొనే యూనిట్ రేటు చూడండి, ఇచ్చినదంతా అక్కడ తిరిగి లాగేసుకోవచ్చు. పగలు వాడుకోగలిగినంత వాడుకోవడమే మేలు.

మీరు పెద్ద అపార్ట్‌మెంట్లో ఉంటే ముందుగా ఎంబెడెడ్ నెట్‌వర్కా అని కనుక్కోండి. బిల్డింగ్ మొత్తానికి ఒకరే కరెంటు కొని పంచే పద్ధతి అది, అలాంటి చోట బయటి కంపెనీకి మారడం అంత తేలిక కాదు, అద్దెకి దిగే ముందే అడిగితే మంచిది.

సైట్‌లో నాకు బాగా నచ్చింది, ఫోన్ నంబరు ఇవ్వకుండా అన్ని ప్లాన్లూ చూడగలగడం. ప్రైవేటు పోలిక సైట్లు చాలావరకు కంపెనీల దగ్గర కమీషన్ తీసుకుంటాయి, అన్ని కంపెనీలనీ చూపించవు, నంబరు ఇస్తే ఇక ఫోన్లే ఫోన్లు. ఇది ప్రభుత్వానిది, ఎవరి ప్లాన్లూ అమ్మదు. న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్, సౌత్ ఆస్ట్రేలియా, టాస్మేనియా, కాన్‌బెర్రాలో ఉన్నవాళ్లకి ఇలాంటిదే ఎనర్జీ మేడ్ ఈజీ అని ఉంది, అది కూడా ప్రభుత్వానిదే.

నచ్చనిది కూడా చెప్పాలి. ఏడాది మొత్తం ఖర్చునే పెద్ద అక్షరాలతో చూపిస్తుంది, రోజువారీ ఛార్జీ, యూనిట్ రేటు చూడాలంటే ప్రతి ప్లాన్ లోపలికి వెళ్లాలి. గడువులోపు కడితేనే, డైరెక్ట్ డెబిట్ పెడితేనే వచ్చే రేట్లు కొన్ని ఉంటాయి, ఆ షరతులు ప్లాన్ వివరాలుండే ఫ్యాక్ట్ షీట్ తెరిస్తేనే పూర్తిగా అర్థమవుతాయి. నేను చివరికి మూడు ప్లాన్లు కాగితం మీద రాసుకుని పైన చెప్పిన భాగహారం వేసుకున్నాను. అదొక్కటీ సైటే చేసి పెడితే ఎంత బాగుండేదో.

మారడం మాత్రం భయపడాల్సినంత పనేం కాదు. కరెంటు పోదు, తీగలు మారవు, మీటర్ మారదు, బిల్లు పంపేవాళ్లు మాత్రమే మారతారు. పాత కంపెనీకి ఫోన్ చేయక్కర్లేదు, కొత్తవాళ్లే చూసుకుంటారు. మనసు మారితే 10 పనిదినాల్లోపు రద్దు చేసుకోవచ్చు. పాత కంపెనీ చివరి బిల్లు వచ్చాక రీడింగ్ తేదీ సరిచూసుకోండి, డైరెక్ట్ డెబిట్ ఉంటే మరీనూ. కన్సెషన్ కార్డు (పెన్షనర్ల లాంటి వాళ్లకి ప్రభుత్వం ఇచ్చే రాయితీ కార్డు) ఉన్నవాళ్లు కొత్త కంపెనీకి ఆ వివరాలు మళ్లీ ఇవ్వాలి, కరెంటు బిల్లులో 17.5 శాతం రాయితీ దాని మీదే ఆధారపడి ఉంటుంది, ఇవ్వకపోతే అది ఆగిపోయి టెన్షన్ పడతారు. గొడవ వస్తే, కంపెనీ పట్టించుకోకపోతే, ఇలాంటి ఫిర్యాదులు చూసే ఎనర్జీ అండ్ వాటర్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు, ఉచితం.

మేం రోజంతా ఒకే రేటు ఉన్న ప్లాన్ తీసుకున్నాం, రోజువారీ ఛార్జీ పాతదాని కన్నా తక్కువ, యూనిట్ రేటు కొంచెం తక్కువ. మొదటి పూర్తి బిల్లు వచ్చింది, వాడకం దాదాపు పోయినేడాది అంతే, కట్టింది తక్కువ. జూలైలో రేట్లు మారతాయి కాబట్టి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకున్నాను. మా అక్క వాళ్లు గ్లెన్ వేవర్లీలో ఉంటారు, నలుగురు మనుషులు, ఒక ఎలక్ట్రిక్ కారు, వాళ్లకి మా లెక్క అస్సలు సరిపోదు. మీటర్ ఫైల్ దించి పెట్టమన్నాను, ఆదివారం వెళ్లి కూర్చుంటాం.